సరిహద్దు చరిత్ర పుస్తకాలు: స్వతంత్ర రచయితలు తరచుగా అడిగే ప్రశ్నలు

ఒడిశాలో ఆంధ్ర సరిహద్దు వైపున్న బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం ప్రాంతాల్లో తెలుగులో రాస్తున్నవారు, రాయాలనుకుంటున్నవారు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలను ఇక్కడ ఒకచోట చేర్చాను. నవలైనా, ఊరి చరిత్రైనా, మూడు తరాల కుటుంబ కథైనా, చరిత్ర పునాదిగా రాసి సొంత ఖర్చుతో అచ్చు వేయించే పుస్తకాలకే ఈ జవాబులు పరిమితం. పెద్ద ప్రచురణ సంస్థ పేరు అండగా లేనప్పుడు పాఠకుడికి మన మీద గురి కుదిర్చేది మనం చూపించే ఆధారమేనని నా నమ్మకం. అందుకే ఆధారాలు సేకరించడాన్నీ, పుస్తకానికి ప్రచారం చేసుకోవడాన్నీ మొదటి నుంచీ ఒకే పనిగా చూడమని కోరుతున్నాను.

ప్రశ్న: సొంతంగా వేసుకున్న చరిత్ర పుస్తకాన్ని ఎవరైనా గౌరవిస్తారా?

గౌరవిస్తారు. తెలుగులో రచయితే డబ్బు పెట్టి పుస్తకం వేయించుకోవడం ఎప్పటి నుంచో ఉన్నదే. అయితే ఊరి పేరు, కాలం, సంఘటన ఉన్న ప్రతిచోటా ఆ సంగతి మీకెలా తెలిసిందో పుస్తకంలోనే చెప్పాలి. శాసనమైతే అది ఏ గుడిలో ఎక్కడ ఉందో, దస్తావేజైతే ఎవరి ఇంట్లో చూశారో, పెద్దల మాటైతే చెప్పినవారి వయసు ఎంతో, ఏ ఏడాది విన్నారో రాయాలి. ఈ జాగ్రత్త ఉన్న చిన్న పుస్తకం, అది లేని లావుపాటి పుస్తకం కంటే ఎక్కువ కాలం నిలుస్తుంది.

ప్రశ్న: మా ప్రాంతం గురించి ఆధారాలు ఎక్కడ దొరుకుతాయి? భువనేశ్వర్ వెళ్లాలా, విజయవాడ వెళ్లాలా?

చాలామంది మరిచిపోయే ఊరు చెన్నై. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా గంజాం, కోరాపుట్ ప్రాంతాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి కాబట్టి, అప్పటి రెవెన్యూ ఉత్తరప్రత్యుత్తరాలు, జిల్లా రికార్డులు ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో వెతకాలి. 1936 తర్వాతి కాలానికి భువనేశ్వర్‌లోని ఒడిశా రాష్ట్ర ఆర్కైవ్స్ దారి చూపుతుంది. ఇంటి నుంచే మొదలుపెట్టదలచినవారికి 1882లో వచ్చిన మాల్ట్‌బీ గంజాం జిల్లా మాన్యువల్, 1907లో వచ్చిన ఫ్రాన్సిస్ విశాఖపట్నం గెజిటీర్ మంచి ప్రవేశాలు. అప్పట్లో జయపురం సంస్థానం విశాఖపట్నం జిల్లాలో ఉండేది కనుక రాయగడ, కోరాపుట్ వారికి రెండో పుస్తకం బాగా ఉపయోగపడుతుంది. రెండూ దొరల కళ్లతో రాసినవన్న ఎరుకతో చదవాలి. కొండ ప్రజల గురించి వాటిలో ఉన్న తీర్పులను అలాగే ఎత్తి రాయకూడదు.

అంతకంటే పాత కాలానికి శాసనాలే శరణ్యం. వంశధార ఒడ్డున ఉన్న ముఖలింగం ఆలయ శాసనాలు ‘దక్షిణ భారత శాసనాలు’ ఐదో సంపుటంలో, సింహాచలం శాసనాలు ఆరో సంపుటంలో అచ్చయ్యాయి. గుడికి వెళ్లి రాతిని స్వయంగా చూడండి, కానీ పాఠాన్ని మాత్రం ఆ సంపుటాలతో సరిచూసుకోండి. ఫొటో తీయడానికి పొద్దున్నో సాయంత్రమో వెళ్లాలి. ఎండ పక్కవాటుగా పడినప్పుడు గుంటల్లో నీడ నిలిచి, మిట్టమధ్యాహ్నం చదునుగా కనిపించిన రాతి మీద అక్షరాలు తేలివస్తాయి. అక్షరాలు కనిపించాలని సుద్దముక్కతో దిద్దడం, పిండి రుద్దడం, నూనె పూయడం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయవద్దు. చిన్న స్కేలు పక్కన పెట్టి ఒక ఫొటో, శాసనం ఉన్న స్తంభమో గోడో మొత్తం కనిపించేలా మరో ఫొటో తీసుకుంటే తర్వాత ఏ సందేహమూ మిగలదు.

ఇక ఇళ్లలో ఉన్నవి. గోపాలపురం రేవు నుంచి స్టీమరెక్కి రంగూన్ వెళ్లినవారి కుటుంబాలు ఈ జిల్లాల్లో ఎన్నో ఉన్నాయి. 1942లో జపాను దాడితో అక్కడి నుంచి తిరిగి వచ్చినవారిలో కొందరు సముద్రం మీద, మరికొందరు అడవి దారుల్లో కాలినడకన వచ్చారు. వారి ఉత్తరాలూ, మనియార్డరు రసీదులూ పెట్టెల అడుగున చెదపట్టిపోతున్నాయి. మీ పుస్తకం ఎప్పుడు పూర్తవుతుందన్న లెక్క పక్కనబెట్టి ముందు వాటిని ఫొటో తీయండి. ఉత్తరానికి రెండు వైపులా తీయాలి, కవరు కూడా తీయాలి. ఉత్తరంలో తేదీ చెరిగిపోయినా కవరు మీది తపాలా ముద్ర ఊరినీ నెలనూ చెప్పగలదు.

ప్రశ్న: పాత కాగితాల్లో ఉన్న ఫసలీ, అంక సంవత్సరాలను ఎలా లెక్కకట్టాలి?

మన పుస్తకాల్లో తప్పులు ఎక్కువగా దొర్లేది ఇక్కడే. మద్రాసు ప్రెసిడెన్సీ ఎస్టేటు కాగితాల్లో ఉండే ఫసలీ అంటే శిస్తు లెక్కల సంవత్సరం, అది జూలై 1న మొదలవుతుంది. ఫసలీ సంఖ్యకు 590 కలిపితే అది మొదలైన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. అంటే 1345 ఫసలీ 1935 జూలై 1 నుంచి 1936 జూన్ 30 దాకా నడిచింది. రాష్ట్రం మారిన రోజు ఆ ఫసలీ మధ్యలోనే పడింది కాబట్టి, ‘1345 ఫసలీ’ అని మాత్రమే ఉన్న శిస్తు రసీదును చూసి అది మద్రాసు కాలానిదో ఒరిస్సా కాలానిదో తేల్చలేం. నెల కూడా చూడాలి. శక సంవత్సరానికి 78 కలిపితే సాధారణంగా సరిపోతుంది, ఏడాది చివరి నెలలైతే 79 కలపాలి.

అంక సంవత్సరాలు మరింత చిక్కు. అంకం అంటే ఒడిశాను ఏలిన గజపతి రాజుల పాలనా సంవత్సరపు సంఖ్య. వారి కాలగణనలో 1వ అంకాన్ని లెక్కలోకి తీసుకోరు. 6తో ముగిసే అంకెలన్నీ, 10 తప్ప సున్నాతో ముగిసే అంకెలన్నీ కూడా వదిలేస్తారు. అందువల్ల 25వ అంకం అంటే రాజు గద్దెనెక్కిన 25వ ఏడు కాదు. 1, 6, 16, 20 తీసేయగా 21వ ఏడే అవుతుంది. ఒడియా పంచాంగం చూడటం వచ్చిన పెద్దలు మీ వీధిలోనే ఉంటారు, వారినొకసారి అడిగి సరిచూసుకోండి.

ప్రశ్న: చారిత్రక నవలలో ఎంతవరకు కల్పించవచ్చు?

సంభాషణలు, సామాన్య పాత్రలు, లోపలి ఆలోచనలు మీ ఇష్టం. చరిత్రకెక్కిన మనుషుల పనులనూ, సంఘటనల తేదీలనూ మాత్రం కదపవద్దని నా సలహా. పుస్తకం చివర రెండు మూడు పేజీల్లో ఏ పాత్ర కల్పితమో, ఏ సంఘటనకు ఆధారం ఉందో, కథ కోసం ఎక్కడ కాలాన్ని దగ్గరికి లాగారో విప్పి చెప్పండి. పాఠకులు ఆ పేజీలను నవలంత ఇష్టంగా చదువుతారు.

చనిపోయినవారి గురించి రాసేటప్పుడు ఒక మాట గుర్తుంచుకోవాలి. బతికి ఉంటే వారి పరువుకు భంగం కలిగించే ఆరోపణను, కుటుంబసభ్యుల మనసు నొప్పించే ఉద్దేశంతో చేస్తే అది కూడా పరువు నష్టం కిందికి వస్తుందని భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ చెబుతోంది. ఆధారం ఉన్న విషయమైనా మర్యాద తప్పని భాషలో రాయండి.

ప్రశ్న: 1936 విభజన గురించి రాస్తే తెలుగువారికీ ఒడియావారికీ మధ్య చిచ్చు పెట్టినట్టు అవుతుందా?

ఈ ప్రశ్న అడిగినవారి గొంతులో భయం వినిపిస్తుంది, ఆ భయానికి కారణాలూ ఉన్నాయి. కానీ రాయకుండా వదిలేస్తే ఆ ఖాళీని వదంతులు నింపుతాయి. రెండు వైపులా నిలబడి రాయడమే దీనికి దారి.

పర్లాకిమిడినే తీసుకోండి. సరిహద్దు గీత ఆ జమీందారీ మీదుగానే పోయింది. పట్టణం ఒరిస్సాకు వెళ్లింది, కొంత భాగం మద్రాసులో మిగిలింది. అక్కడి మహారాజు కృష్ణచంద్ర గజపతి నారాయణ దేవ్ ఒరిస్సా రాష్ట్రం కోసం పాటుపడి 1937లో దానికి మొదటి ప్రధాని (రాష్ట్ర ప్రభుత్వాధినేతను అప్పట్లో అలాగే పిలిచేవారు) అయ్యారు. అదే పట్టణంలో ఉపాధ్యాయుడిగా జీవితం గడిపి, వ్యావహారిక భాషోద్యమాన్ని నడిపిన గిడుగు వెంకట రామమూర్తి 1936లో ఆ ఊరు విడిచి రాజమహేంద్రవరం వెళ్లిపోయారు. ఒకరి గెలుపునో ఒకరి ఎడబాటునో మాత్రమే చెప్పే పుస్తకం సగం పుస్తకమే అవుతుంది.

కారణాలను కూడా న్యాయంగా చెప్పాలి. ఒడియా మాట్లాడేవారు అప్పటికి వేర్వేరు పాలనల కింద చీలిపోయి ఉండేవారు. మధుసూదన్ దాస్ 1903లో స్థాపించిన ఉత్కళ సమ్మిళని ఆ ముక్కలను కలపాలని కోరింది. పదేళ్ల తర్వాత, 1913లో, బాపట్లలో జరిగిన ఆంధ్ర మహాసభ ప్రత్యేకాంధ్ర కోరికకు వేదికైంది. మన భాషకు ఒక రాష్ట్రం ఉండాలన్న తపన ఇద్దరిదీ ఒకటేనని తెలిసిన పాఠకుడు, గీత గీసినప్పుడు ఎటువైపువారైనా ఎందుకు బాధపడ్డారో అర్థం చేసుకుంటాడు. సరిహద్దు తేల్చడానికి 1931–32లో పనిచేసిన ఓడొన్నెల్ కమిటీ నుంచి 1936 ఉత్తర్వు దాకా గీత ఎలా జరుగుతూ వచ్చిందో దశలవారీగా చూపిస్తే, ఇది ఎవరో ఒక్కరు చేసిన పని అనే అపోహ కూడా తొలగుతుంది.

ఇంకొకరున్నారు. ఈ వాదంలో తెలుగు జనం ఎంతమంది, ఒడియా జనం ఎంతమంది అని లెక్కించినవారు ఆ కొండల్లో సవర మాట్లాడేవారి మాటకు ఎంత విలువ ఇచ్చారో ప్రతి రచయితా అడగవలసిన ప్రశ్న. గిడుగువారు సవర నేర్చుకుని, 1931లో ఆ భాషకు వ్యాకరణ గ్రంథం, 1938లో నిఘంటువు వెలువరించారు. గజపతి, రాయగడ జిల్లాల గురించి రాసేవారు సవరల జ్ఞాపకాలను వినకుండా పుస్తకాన్ని అచ్చుకు పంపకపోతే బాగుంటుంది.

అచ్చుకు ముందు రాతప్రతిని తెలుగు చదవగల ఒడియా మిత్రుడొకరికి తప్పక చూపించండి. ఊళ్ల పేర్లు, ఇంటిపేర్లు, కులాల పేర్లు ఒడియావారు ఎలా పలుకుతారో అలా రాయడం చిన్న విషయమే అయినా ఎంతో మర్యాద.

ప్రశ్న: పాత పుస్తకాల్లోని భాగాలు, ఫొటోలు, ఉత్తరాలు వాడుకోవడానికి అనుమతి కావాలా?

1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత జీవితకాలం, ఆయన మరణించిన మరుసటి ఏడాది నుంచి మరో 60 ఏళ్లు హక్కులు ఉంటాయి. ఉదాహరణకు గిడుగువారు 1940లో మరణించారు కాబట్టి, ఆయన జీవించి ఉండగా అచ్చయిన రచనలు 2001 నుంచి అందరివీ అయ్యాయి. ప్రభుత్వ ప్రచురణలకు 60 ఏళ్లను ప్రచురణ నుంచి లెక్కిస్తారు. ఫొటోలకు కూడా 2012 దాకా అలాగే లెక్కించేవారు, ఆ ఏటి చట్ట సవరణ తర్వాత ఫొటో తీసినవారి జీవితకాలం, ఆపై 60 ఏళ్లు అయింది. ఉత్తరాల విషయంలో చాలామంది పొరబడుతున్నారు. కాగితం అందుకున్నవారిదైనా, అందులోని రాతపై హక్కు రాసినవారిదీ వారి వారసులదీ. కనుక పెట్టె మీ ఇంట్లోనే ఉన్నా, ఉత్తరం రాసిన బంధువుల పిల్లలను అడిగి ఒక చిన్న అనుమతి పత్రం రాయించుకోండి.

మీ పుస్తకంపై మీ హక్కు రాసినప్పుడే పుడుతుంది. నమోదు తప్పనిసరి కాదు, వివాదం వస్తే రుజువుగా పనికొస్తుంది.

ప్రశ్న: ఐఎస్‌బీఎన్ (పుస్తకాన్ని గుర్తించే అంతర్జాతీయ నంబరు) కొనుక్కోవాలా?

అక్కర్లేదు. మన దేశంలో రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ దాన్ని ఉచితంగా ఇస్తుంది, రచయిత సొంత పేరుతోనే ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసుకోవచ్చు. డబ్బు తీసుకుని నంబరు ఇప్పిస్తామనేవారిని దూరంగా ఉంచండి. వేరే ప్రచురణకర్త పేరున ఉన్న నంబరు వేస్తే, రికార్డుల్లో మీ పుస్తకానికి వారే ప్రచురణకర్త అవుతారు.

ప్రశ్న: ఎన్ని ప్రతులు వేయించాలి, ధర ఎలా పెట్టాలి?

ముందుగా అడిగి పెట్టుకున్నవారి జాబితా చూసి నిర్ణయించండి. తక్కువ ప్రతులైతే డిజిటల్ ముద్రణ, ఎక్కువైతే ఆఫ్‌సెట్ లాభం. పాత ఫొటోలు, శాసనాల బొమ్మలు ఉంటే వాటిని ఒకే ఫారంలోకి (ఒకే పెద్ద కాగితం మీద అచ్చయ్యే పేజీల కట్టలోకి) చేర్చి ఆర్ట్ పేపరు మీద వేయిస్తే ఖర్చు అదుపులో ఉంటుంది. పేజీల సంఖ్యను పదహారుతో భాగించేలా చూసుకుంటే చివర్లో తెల్ల కాగితాలు మిగలవు.

ధర విషయంలో కమిషన్‌ను మరిచిపోవద్దు. పుస్తకం వెల 200 రూపాయలు, ఒక ప్రతికి ముద్రణ ఖర్చు 80 రూపాయలు అనుకుందాం. దుకాణానికి నలభై శాతం ఇస్తే మీకు వచ్చే 120లో మిగిలేది 40 రూపాయలే, అది కూడా అమ్ముడైన తర్వాత చేతికొస్తుంది. అదే ప్రతిని మీరు నేరుగా పాఠకుడికి పంపితే 120 మిగులుతుంది. అందుకే సరిహద్దు రచయితకు నేరు అమ్మకమే ఊపిరి.

డీటీపీ (కంప్యూటర్‌లో పేజీలు కూర్చే పని) గురించి ఒక హెచ్చరిక. మన ప్రెస్సుల్లో ఇప్పటికీ యూనికోడ్ కాని అను ఫాంట్లలోనే ఎక్కువ పని జరుగుతోంది. ఆ ఫైలు అచ్చుకు పనికొస్తుంది కానీ ఈ-బుక్‌కూ, వెతుకులాటకూ పనికిరాదు. రాతప్రతిని యూనికోడ్‌లోనే (ఏ కంప్యూటరైనా, ఫోనైనా గుర్తించే అక్షరాల పద్ధతిలోనే) సిద్ధం చేసుకుని, ప్రూఫుల్లో చేసిన దిద్దుబాట్లను మీ యూనికోడ్ ప్రతిలోనూ ఎప్పటికప్పుడు చేయండి.

ప్రశ్న: మా పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు కానీ చదవలేరు. వారికి పుస్తకం ఎలా చేరుతుంది?

నా దృష్టిలో మిగతా ప్రశ్నలన్నిటికంటే ఇదే పెద్దది. ఒడియా మాధ్యమంలోనో ఇంగ్లీషు మాధ్యమంలోనో చదివిన పిల్లలకు తెలుగు చెవికి తెలుసు, కంటికి తెలియదు. అందువల్ల చెవి ద్వారానే వెళ్లాలి. పుస్తకంలోని ఒక్కో అధ్యాయాన్ని ఇంట్లో పెద్దవారి చేత, అదే యాసలో, చదివించి రికార్డు చేయండి. స్టూడియో అవసరం లేదు. ఫ్యాను ఆపి, తలుపులు మూసి, పరుపులూ బట్టలూ ఉన్న గదిలో ఫోను దగ్గరగా పెట్టుకుంటే ప్రతిధ్వని లేకుండా వస్తుంది. అధ్యాయం పదిహేను నిమిషాలు మించితే రెండు భాగాలు చేయండి. పేజీ అంచున క్యూఆర్ కోడ్ అచ్చు వేయిస్తే, తాతగారు చదువుతున్న పేజీనే మనవరాలు వింటుంది.

రెండో మార్గం, తెలుగు మాటలనే ఒడియా లిపిలో అచ్చు వేయడం. మొత్తం పుస్తకం కాకపోయినా మొదటి అధ్యాయాన్ని చిన్న పుస్తకంగా వేసి చూడండి. మూడోది ఒడియా అనువాదం. బరంపురం పట్టు నేతగాళ్ల మీదో, ఠాకురాణి యాత్ర మీదో తెలుగులో వచ్చిన పుస్తకం ఒడియాలోకి వెళ్తే, ఆ పట్టణంలో ఎవరెవరు కలిసి బతుకుతున్నారో ఇరుగుపొరుగుకు తెలుస్తుంది. అనువాదకుడి పేరు ముఖచిత్రం మీదే వేయండి.

ప్రశ్న: ప్రచారం కోసం రోజూ ఏదో ఒకటి పెట్టాలంటే మొహమాటంగా ఉంది. ఏం చేయాలి?

‘నా పుస్తకం కొనండి’ అని అడగడానికి మొహమాటపడటం సహజం. ‘ఈ కాగితం చూడండి’ అనడానికి మొహమాటం అక్కర్లేదు. ఒక పాత దస్తావేజు ఫొటో పెట్టి, దాన్ని ఎవరు రాయించారో, అందులో చెప్పిన చెరువు ఇప్పుడు ఎక్కడుందో నాలుగు వాక్యాల్లో రాసి, చివర పుస్తకం పేరూ దొరికే చోటూ చెబితే చాలు. నౌపడ నుంచి పర్లాకిమిడికి 1900లో వచ్చిన చిన్న రైలు గురించి ఒక ఫొటో పెడితే, ‘మా తాతగారు అందులో పనిచేశారు’ అని ఎవరో ఒకరు ముందుకొస్తారు. వారే మీ పాఠకులు, మలి ముద్రణకు మీ ఆధారాలు కూడా వారి దగ్గరే ఉంటాయి.

మనకు రెండు క్యాలెండర్లున్నాయి, రెండింటినీ వాడుకోండి. ఆగస్టు 29 గిడుగు జయంతి, తెలుగు భాషా దినోత్సవం. ఏప్రిల్ 1 ఉత్కళ దినోత్సవం. బరంపురంలో పుట్టి రాష్ట్రపతి అయిన వి.వి. గిరి జయంతి ఆగస్టు 10న వస్తుంది. ఆ రోజుల్లో మీ పుస్తకానికి సంబంధించిన ఒక పేజీని చదివి వినిపించే చిన్న సభ పెడితే, పెద్ద ఆవిష్కరణ సభ కంటే ఎక్కువ ప్రతులు చేతులు మారతాయి. ఆవిష్కరణ పెట్టినా వేదిక మీద వక్తలను తగ్గించి, పుస్తకానికి సమాచారం ఇచ్చిన పెద్దలను ముందు వరుసలో కూర్చోబెట్టి, మొదటి ప్రతులు వారి చేతికివ్వండి.

ప్రశ్న: పుస్తకాలు ఎక్కడ అమ్మాలి, ఎలా పంపాలి?

హైదరాబాద్, విజయవాడ పుస్తక ప్రదర్శనల్లో ఒక్కరే స్టాలు తీసుకోవడం భారం. నలుగురైదుగురు సరిహద్దు రచయితలు కలిసి ఒకటి తీసుకోవచ్చు, లేదా తెలిసిన ప్రచురణకర్త బల్ల మీద చోటు అడగవచ్చు. సొంత ఊళ్లో దుకాణాల సంగతి వేరుగా ఆలోచించండి. నేత చరిత్ర చెప్పే పుస్తకం పట్టుచీరల కొట్టులో, రైలు చరిత్ర చెప్పేది స్టేషన్ ఎదుటి కొట్టులో ఎక్కువగా కంటపడుతుంది.

తపాలాలో మార్పులు వచ్చాయి. పుస్తకాలను చవగ్గా పంపే రిజిస్టర్డ్ బుక్ పోస్ట్ 2024 డిసెంబరులో ఆగిపోయింది. విద్య, సంస్కృతులకు సంబంధించిన పుస్తకాల కోసం 2025 మేలో జ్ఞాన్ పోస్ట్ మొదలైంది. మీ పుస్తకం దాని నిబంధనల కిందికి వస్తుందో లేదో పోస్టాఫీసులో ముందే కనుక్కుని, ఆ ఖర్చును కలుపుకునే ధర చెప్పండి.

ప్రశ్న: పుస్తకంలో తప్పు ఉందని ఎవరైనా అంటే?

వారు చూపిన ఆధారం అడిగి తీసుకోండి. అది సరైనదైతే వారి పేరు చెప్పి సవరణ ప్రకటించండి, మిగిలిన ప్రతుల్లో సవరణ చీటీ అతికించండి.

ప్రశ్న: ఉచితంగా ఎవరెవరికి ప్రతులు పంపాలి?

చట్టప్రకారం పంపవలసినవి ముందు. 1954 నాటి చట్టం కింద ప్రచురణకర్త, అంటే ఇక్కడ మీరే, ప్రచురించిన 30 రోజుల్లోగా కోల్‌కతాలోని జాతీయ గ్రంథాలయానికీ, చెన్నై కన్నెమరా, ముంబయి, ఢిల్లీ గ్రంథాలయాలకూ ఒక్కో ప్రతి సొంత ఖర్చుతో పంపాలి. తెలుగు పరిశోధకులు వెతికే చోట్లు మరికొన్ని ఉన్నాయి. వేటపాలెం సారస్వత నికేతనం, రాజమహేంద్రవరం గౌతమీ గ్రంథాలయం, హైదరాబాద్ సుందరయ్య విజ్ఞాన కేంద్రం వాటిలో ముఖ్యమైనవి. కథల సంపుటి అయితే కాళీపట్నం రామారావుగారు శ్రీకాకుళంలో నెలకొల్పిన కథానిలయానికి తప్పక పంపండి.

సమీక్షకులకు పంపేటప్పుడు పుస్తకంతో పాటు ఒక పేజీ ఉత్తరం పెట్టి, ఏ అధ్యాయంలో కొత్త ఆధారం ఉందో పేజీ నంబరుతో చెప్పండి. ఉత్తరాలూ దస్తావేజులూ చూపించి సాయపడిన ప్రతి ఇంటికీ ఒక ప్రతి ఇచ్చి, వారి కాగితాలకు మీరు తీసిన స్కాన్లను కూడా పెన్‌డ్రైవ్‌లో వేసి అప్పగించండి. ఆ కుటుంబం ఒప్పుకుంటే ఇంకో కాపీని దగ్గరలోని కళాశాల గ్రంథాలయంలో, ఏ ఊరి ఏ ఇంటి కాగితాలో రాసి పెట్టిన జాబితాతో సహా, జమచేయండి.